చెంచా చప్పుడు

గాలి కొట్టిన సైకిల్ ట్యూబును కొంచెం కొంచెంగా నీళ్ల తొట్టిలో ముంచుతున్నాడు జగ్గారావు. గోల్‌మురి అనే ఉత్తరాది పేట బజారులో తక్కిన పంక్చరువాళ్లు ట్యూబును చెవి దగ్గర పెట్టుకుని, బుస్సుమనే చప్పుడుతోనే చిల్లి పట్టేస్తారు. ఆయనకా భాగ్యం లేదు. రేకుల మిల్లులో ఉద్యోగం ఏనాడో ముగిసినా, మిల్లు మాత్రం ఆయన చెవుల్లోనే కాపురం పెట్టింది. పగలూ రాత్రీ ఒకటే హోరు. దాన్ని వదిలించుకోవాలని చుక్కల మందులు వేశాడు, మొక్కులు మొక్కాడు, ధ్యానం క్లాసుకు కూడా వెళ్లాడు. మనసును నిశ్శబ్దం చేసుకోమంటే పళ్లు బిగించి కూర్చున్నాడు. హోరు ఇంకా రెచ్చిపోయింది. నీళ్లలో బుడగ కోసం చూస్తున్నంతసేపూ హోరు గుర్తుండదన్న సంగతి, పాపం, ఆ వెర్రిబాగుల మనిషికి ఎన్నడూ తట్టలేదు.

ఈవేళ మాత్రం బుడగలు లేస్తున్నా చూపు నిలవడం లేదు. మంచం పట్టిన భార్య భద్రమ్మ పొద్దున్న ఏదో చెప్పింది. జబ్బుతో ఆమె గొంతు పీలగా అయిపోయింది. అందుకే చెంచాతో స్టీలు గ్లాసు మీద కొట్టి పిలుస్తుంది. ఆ టంగుమనే చప్పుడొక్కటే హోరును దాటుకుని ఆయనకు చేరుతుంది.

"వత్తన్నా, వత్తన్నా" అంటూ పొద్దున్న ఆ చప్పుడుకే వెళ్లి ఆమె మీదికి వంగాడు. ఆమె పెదవులు కదిలాయి.

"ఏటీ?"

మళ్లీ కదిలాయి.

"ఏటే? గట్టిగా సెప్పలేవా?" అని కసిరాడు.

ఆమె చెంచాను గ్లాసులో పడేసి గోడవైపు తిరిగిపోయింది.

ఛీ, ఎందుకు కసిరానా అని అప్పట్నుంచీ కుమిలిపోతున్నాడు. ఇక ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు కూడా. ఆ మాటేమిటో తాను వినకుండానే ఆమె వెళ్లిపోతే? పొద్దు వాలకముందే కొట్టు కట్టేసి, సైకిలెక్కి ఇంటికి వచ్చేశాడు.

కోడలు అనిత, అక్కడి హిందీ పిల్ల, గుమ్మంలోనే ఎదురైంది. "సుబహ్ సే కుఛ్ నహీ ఖాయా, బాబూజీ" అంది గట్టిగా. పొద్దుటినుంచీ అత్తగారు ఏమీ తినలేదట.

మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చెవులు రిక్కించాడు. హోరు ముంచుకొచ్చింది. దాన్ని తోసెయ్యబోయాడు గానీ ఓపిక లేకపోయింది. పోనీలే, ఉంటే ఉండనీ అనుకున్నాడు. తొట్టిలో నీళ్లను చూసినట్టే ఆమెను ఊరికే చూస్తూ ఉండిపోయాడు. దుప్పటి లేస్తోంది, దిగుతోంది. మెడ దగ్గర నరం చిన్నగా కొట్టుకుంటోంది. ముక్కుపుడక మీద కిటికీ వెలుతురు. హోరు ఎక్కడికీ పోలేదు, ఉంది. ఆమె ఉంది. తనూ ఉన్నాడు. ఇన్నాళ్లూ వెతికింది ఇదేనా అన్న ఆలోచన కూడా ఆయనకు రాలేదు.

పొద్దున్న కదిలినట్టే ఆమె పెదవులు కదిలాయి. ఈసారి ఆయన "ఏటీ" అనలేదు. పెదవులనే చూశాడు. మాట తేటగా అందింది.

"ఇక్కడే ఉన్నావేటి?"

"ఇక్కడే ఉన్నానే."

ఇన్నేళ్ల కాపురంలో, ఇంట్లో కూర్చుని కూడా మిల్లులోనే ఉండిపోయిన మొగుణ్ణి ఈ మాట ఎన్నిసార్లు అడిగి ఉంటుందో! ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

దుప్పటి లేచింది, దిగింది. మరోసారి లేచి దిగింది. ఆపైన లేవలేదు. వెనక అనిత ఏడుస్తున్నది ఆయనకు వినపడలేదు. చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు.

మంచం పక్కన గ్లాసులో, అడుగున మిగిలిన కాసిని నీళ్లలో, చెంచా ఓరగా ఆనుకుని ఉంది.