పెళ్లిబండి అద్దాలు

నెవెన గుమ్మం దాటినప్పటి నుంచీ మిలిసావ్‌కి కూతురి వీపు తప్ప మరేమీ కనిపించలేదు.

ఆ కొండ ఊళ్ళో ఆచారం అది. పెళ్లికూతురు పుట్టింటి గడప దాటాక, అత్తవారింట అడుగుపెట్టేదాకా వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే పిల్లలకి తల్లి వైపు పోలికలొస్తాయని కొందరంటారు, కొత్త కాపురంలో బెంగ తిష్ఠ వేస్తుందని కొందరంటారు. మిలిసావ్ తన జన్మలో ఎంతమంది పెళ్లికూతుళ్ళని "తిరక్కమ్మా, ముందుకు నడు" అని హెచ్చరించాడో లెక్కలేదు. తన ఇంటిదాకా వచ్చేసరికి తెలిసింది అదెంత మొండి ఆచారమో. పోనీ చర్చిలోనైనా కళ్ళారా చూసుకుందామంటే, తుంటి ఎముకకి ఆపరేషనై నెల తిరగలేదు. కొండదారి ప్రయాణం వద్దంటే వద్దన్నాడు డాక్టరు. గేటు పక్కన కుర్చీ వేసి, కాళ్ళ మీద దుప్పటి కప్పి కూర్చోబెట్టారు ఆయన్ని. అంతకుముందు గుమ్మంలో కూతురు వంగి ముద్దు పెట్టినప్పుడు ఆయన కళ్ళనిండా నీళ్ళు. ముఖం సరిగా చూసుకోనేలేదు. ఒక్కసారి, తేటగా, ఆ ముఖం చూడాలి. ఆ రోజు ఆయన కోరిక అదొక్కటే.

పెళ్లివారి కార్లన్నీ ఇంటికి వీపు పెట్టి, లోయ వైపు ముఖం చేసి బారుగా నిలబడి ఉన్నాయి. అన్నిటికన్నా ముందు, గేటుకి నాలుగడుగుల దూరంలో, పెళ్లికూతురి బండి. నల్లటి, ఎత్తైన, కొత్త ఎస్‌యూవీ. పెళ్లికొడుకు తమ్ముడు ఒగ్న్యెన్ ఎవరినో బతిమాలి తెచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ దాని గొప్పలు వినలేక అందరి చెవులూ హోరెత్తాయి. దూరం నుంచి మీట నొక్కి తాళం వేస్తే పక్క అద్దాలు రెండూ వాటంతటవే లోపలికి ముడుచుకుంటాయట. తాళం తీస్తే విచ్చుకుంటాయట. ఆ విచిత్రం ఒకటికి నాలుగుసార్లు చేసి చూపించి, తాళం వేసేసి, మగపెళ్లివారితో కలిసి విందుకి లోపలికి పోయాడు.

వాళ్ళు లోపల తింటూ తాగుతూ ఉండగా మిలిసావ్ అక్క స్తమెన తన పని కానిచ్చింది. చలికాలమంతా కూర్చుని ఎర్రపూలు కుట్టిన తువ్వాళ్ళని తెచ్చి, ప్రతి కారు అద్దానికీ ఒకటి కట్టింది. పెళ్లిబండి అంటే అద్దాలకి తువ్వాలు ఉండాల్సిందే. కట్టిన ముడి అత్తగారే విప్పాలి, దారిలో ఇంకెవరి చెయ్యీ పడకూడదు. స్తమెన ముడి వేసిందంటే ఎద్దులు లాగినా ఊడదు.

ఇప్పుడు, బయల్దేరే వేళ, ఒగ్న్యెన్ మీట నొక్కాడు. అద్దాలు గుర్రుమని కాస్త కదిలి, గిలగిల్లాడి, ఆగిపోయాయి. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంతే. పైగా బండి లోపల పైకప్పు దీపం వెలిగి, ఎంతకీ ఆరనంటోంది. మాటిమాటికీ ఏదో పిట్ట కూతలాంటి చప్పుడొకటి. ఒగ్న్యెన్‌కి ముచ్చెమటలు పట్టాయి. బండిలో కనిపించిన బొత్తామల్లా నొక్కాడు. వేడిగాలి వచ్చింది, పాట మోగింది, వెనకసీటు ముందుకి జరిగింది. కావలసింది మాత్రం కాలేదు. దిగొచ్చి ఎడమ అద్దాన్ని చేత్తో పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. లోపలెక్కడో టక్కుమంది.

వరుసకి పెళ్లికొడుకు పెదనాన్న, పెళ్లివారందరికీ పెద్ద రాదోయె, గోడకి ఆనుకుని మరీ వేళాకోళం చేశాడు. బండి సిగ్గుపడి ముఖం దాచుకుందన్నాడు. చర్చి పూజారి ఇంకో పెళ్లికి కూడా వెళ్ళాలని, ఆలస్యమైతే తలుపు వేసుకుని పోతాడని గుర్తు చేశాడు. ఒగ్న్యెన్ రోషం పట్టలేక కత్తెర అడిగాడు, తువ్వాళ్ళు కోసేస్తానని. స్తమెన వెళ్ళి అద్దానికి అడ్డంగా నిలబడింది. తన శవం మీంచి పోవాలంది.

అప్పుడు నెవెన కదిలింది. పూలగుత్తి మేనత్త చేతిలో పెట్టింది. తెల్లగౌను అంచు ఎత్తి మోచేతికి చుట్టుకుంది.

"ఒగ్న్యెన్, అన్నీ నొక్కడం ఆపు," అంది. "బండి బాగున్నప్పటికీ ఇప్పటికీ మధ్య దీని మీద ఎవరు చెయ్యి వేశారు?"

కుర్చీలో మిలిసావ్ నిటారుగా అయ్యాడు. ఆ ప్రశ్న ఆయనది! లోయ నుంచి పట్నానికి బస్సు నడిపిన ఇన్నేళ్ళలో, బండి మొరాయించిన ప్రతిసారీ ఆయన అడిగిన మొదటి ప్రశ్న. పక్కసీట్లో కూర్చుని కాళ్ళాడించుకుంటూ రొట్టె తినే పిల్ల వింటోందని ఆయనకి ఎప్పుడూ అనిపించలేదు.

చెయ్యి వేసింది తానేనని స్తమెన గొణిగింది. నెవెన తువ్వాలు కిందికి వేళ్ళు పోనిచ్చి తడిమింది. అద్దాలు ముడుచుకుని ఉండగా కట్టడంతో, తువ్వాలు అద్దాన్నీ, అది బండికి అతికే మెడనీ కలిపి బిగించేసింది. పాపం, అద్దం విచ్చుకోవాలన్నా ఎలా విచ్చుకుంటుంది? ముడి విప్పలేదు, కొయ్యలేదు. ముడితో సహా తువ్వాలుని కొంచెం కొంచెంగా మెడ మీంచి అద్దం చివరికి జరిపింది. రెండో వైపూ అంతే. స్తమెన ముడి ముడిలాగే ఉంది.

తర్వాత ఎడమ వైపున్న డ్రైవరు సీట్లో కూర్చుని, అద్దాల మీటని నడిమికి తెచ్చి నొక్కింది. కుడిది చక్కగా విచ్చుకుంది. ఒగ్న్యెన్ గుంజిన ఎడమది మాత్రం వేలాడింది. మామూలుగా అయితే ఎవరైనా అక్కడ విసుక్కుంటారు. నెవెన విసుక్కోలేదు. రెండూ ముందు పూర్తిగా ముడుచుకునేలా చేసింది. ఎడమదానిలో జారిన పట్టు మళ్ళీ కుదిరి టక్కుమని చప్పుడయ్యేదాకా మీట వదల్లేదు. అప్పుడు తెరిపించింది. రెండూ విచ్చుకున్నాయి. ఓరి నా తల్లీ అనుకున్నాడు మిలిసావ్, ఛాతీ పొంగిపోయింది.

ఇక దీపం. కప్పు మీదున్న మీటని ఒగ్న్యెన్ ఎప్పుడూ వెలిగే వైపుకి తోసేశాడు. తలుపు తెరిస్తేనే వెలిగేలా నడిమికి తెచ్చింది. అయినా ఆరలేదు. అంటే ఎక్కడో తలుపు పూర్తిగా పడలేదన్నమాట. పక్క తలుపులన్నీ నొక్కి చూసింది, బిగుసుకునే ఉన్నాయి. ఇక మిగిలింది వెనక తలుపు. అది ఇంటి వైపు ఉంది. దాని దగ్గరికి నడవాలంటే ఇంటి వైపు తిరగాలి.

నెవెన తిరగలేదు. బండిని చేత్తో తడుముకుంటూ వెనక్కి, వెనక్కి నడిచింది. మేలిముసుగు మట్టిలో జీరాడుతోంది. బండి వెనక్కి చేరి, ఇంటికి వీపు పెట్టే, తలుపు అంచు వెంట వేళ్ళు పోనిచ్చింది. మిలిసావ్‌కి ఆ వేళ్ళు అంత దగ్గరగా కనిపించాయి. పిలవాలనిపించింది, పిలవలేదు. పిలిస్తే తిరుగుతుందేమోనని భయం, తిరగదేమోనని అంతకన్నా భయం.

వేళ్ళు ఒకచోట ఆగాయి. స్తమెన సారెగా పెట్టిన దుప్పటి కుచ్చు తలుపులో ఇరుక్కుంది. నెవెన తలుపెత్తించి, కుచ్చు లోపలికి తోయించి, మళ్ళీ వేయించింది. కూత ఆగింది. కప్పు దీపం మెల్లగా ఆరిపోయింది.

చప్పట్లు కొట్టారు. ఒగ్న్యెన్ అయితే వదినగారికి వంగి దణ్ణం పెట్టి, తాళాలు ఊపుకుంటూ బండెక్కబోయాడు. మిలిసావ్ పిలిచాడు.

"ఇలా రా బాబూ. నా ముఖం మీద ఊదు."

ఊదాడు. రేగుపళ్ళ సారా గుప్పుమంది.

"ఒక్క గుక్కే బావగారూ, అదీ మీవాళ్ళు బలవంతం చేస్తేనే," అని రాదోయె నచ్చజెప్పబోయాడు. ఒక్క గుక్క తాగినవాడు కూడా తన బస్సు తాళం ముట్టుకోలేదని, ఈ బండిలో తన కూతురు కూర్చుంటుందని మిలిసావ్ ఖండితంగా చెప్పాడు. పెళ్లికొడుకూ తాగాడు. తాగని డ్రైవర్లకి ఎవరి బండి వాళ్ళకుంది.

"నేను నడుపుతాను," అంది నెవెన, లోయ వైపే చూస్తూ.

పెళ్లికూతురు పెళ్లిబండి తోలడమేమిటి, దారి పొడుగునా నవ్వుతారన్నాడు రాదోయె.

"నవ్వనివ్వండి మావయ్యగారూ. పూజారి వెళ్ళిపోతే ఇంకా నవ్వుతారు."

నెవెన ఎక్కి, గౌను సర్దుకుని, సీటు ముందుకి జరుపుకుంది. కుడి అద్దం సరిచేసింది. తర్వాత ఎడమ అద్దం కదలడం మొదలుపెట్టింది. కిందికి, లోపలికి, మళ్ళీ కాస్త కిందికి. మిలిసావ్ కనుబొమలు ముడిపడ్డాయి. రోడ్డు చూడాల్సిన అద్దం అంత కిందికి దించుతుందేమిటి, ఇదా నేను నేర్పింది?

అద్దం ఆగింది. అందులో తెల్లగా ముసుగు కనిపించింది. పొగమంచు మధ్యాహ్నం, లోపలంతా చీకటి, ముఖం ఆనలేదు.

అప్పుడు కప్పు దీపం వెలిగింది. మళ్ళీ పాడైందని ఒగ్న్యెన్ నెత్తి కొట్టుకున్నాడు.

పాడవలేదు. అద్దంలో నెవెన ముఖం నిండుగా వెలిగింది. వాళ్ళమ్మ కళ్ళు, తన ముక్కు, చిన్నప్పుడు బస్సు మెట్ల మీద పడ్డప్పటి గడ్డం మీది మచ్చ. ఆ కళ్ళు తిన్నగా ఆయన్నే చూస్తున్నాయి. ఈసారి మిలిసావ్ కళ్ళనీళ్ళు రానివ్వలేదు. రెప్ప వెయ్యకుండా చూశాడు.

"చూసింది! వెనక్కి చూసింది!" అంది స్తమెన గుండె మీద చెయ్యేసుకుని.

"తల తిప్పిందా అక్కా? తిప్పలేదే. అద్దం చూసుకోకుండా బండి ఎవరు కదుపుతారు?"

అద్దంలో నెవెన నవ్వింది. దీపం ఆరింది. అద్దం సన్నగా గుర్రుమంటూ పైకి, బయటికి జరిగి రోడ్డు మీద నిలబడింది. అందులో ఇప్పుడు మిలిసావ్ లేడు, కార్ల వరుస ఉంది. బండి జాగ్రత్తగా కదిలింది.

"ఇప్పుడు సరిగ్గా పెట్టింది," అన్నాడు మిలిసావ్. అని, అప్పుడు ఏడ్చాడు.