గోడవైపు పూసిన తీగ

గొడవ హ్యాంగర్ల దగ్గర మొదలైంది. అల్మారాలో సగం హ్యాంగర్లు కనపడటం లేదని మరదలు ఇల్లంతా వెతికింది. "తడిబట్టలు నెత్తిమీద ఆరేసుకోమంటారా వదినా?" అని వెనకగది గుమ్మంలో నిలబడింది.

ఆ వదిన ఇంటాయనకి అక్క. పెళ్లి ఊసు ఎత్తేవాళ్లు లేకపోయాక తమ్ముడి ఇంట్లోనే వెనకగదిలో ఉండిపోయింది. హ్యాంగర్లు విప్పి, ఆ ఇనుప తీగల్ని తిన్నగా సాగదీసి, రెండు పాత కర్టెన్ కడ్డీలకి అడ్డంగా చుట్టానని దాచకుండా చెప్పింది. పెరట్లో చెట్టు మొదలు మరీ నున్నన. దాని కింద తను నాటిన పూలతీగ, చెట్టు మొదటి కొమ్మ అందుకునేదాకా పాకడానికి నిచ్చెన కావాలి. తమ్ముడు ఫోన్‌లోంచి తలెత్తకుండానే సాయంత్రం కొత్తవి తెస్తానన్నాడు. తేలేదు.

ఆవిడ కిటికీకి కనిపించేది ఆ చెట్టొక్కటే. ఆవిడతో ఇంట్లో రోజంతా అయ్యే మాటలు మూడు: గ్యాస్ కట్టారా, తలుపు వేశారా, తిన్నారా. కిటికీ ఎదుట నాలుగు పూలు పూస్తే చూడ్డానికైనా ఎవరో ఒకరు గదిలోకి వస్తారని, వస్తే కాసేపు కూర్చుంటారని ఆవిడ ఆశ.

అందుకే నిచ్చెనని కిటికీవైపే చెట్టుకి ఆనించింది. అక్కడే పప్పులో కాలేసింది. అటు ఎండపొడ లేదు. తీగ మెల్లగా చెట్టు చుట్టూ తిరిగి ప్రహరీగోడవైపు పోయేది. ఆవిడ దాన్ని ఇటు లాక్కొచ్చి, పాతచీర పేలికతో కడ్డీకి బిగువుగా, కాడకి వదులుగా ముడివేసేది. తీగ రెండు రోజులు బుద్ధిగా ఉండి మళ్లీ మొహం తిప్పుకునేది.

వానలు వెళ్లాక పూసింది, అంతా గోడవతలికే. కిటికీలోంచి చూస్తే ఆకులే. తీగ పూసిందని భోజనాల దగ్గర చెప్పింది. తమ్ముడు ఊఁ కొట్టాడు. మరదలు కూరగిన్నె ఇటు జరపమంది.

మర్నాడు గోడమీద ఒక తల లేచింది. పక్కింట్లో ఒక్కతే ఉండి బట్టలు కుట్టే టైలరమ్మ. పూలకోసం స్టూలెక్కిందట, పనిలో పనిగా ముడులూ చూసిందట.

"ఎక్కడా కాడ నలగలేదే. కాజాలు కుట్టడం వచ్చా మీకు?"

"నేర్పితే వస్తుంది."

"అయితే రండి. మా ఇంట్లో మిషనొక్కటే మాట్లాడుతుంది."

ఆవిడ తన గదిలోకొచ్చి కూర్చుంది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఇంట్లో తనని ఎవరు పిలుస్తారా అని ఆలోచించింది. ఎవరూ గుర్తురాలేదు.

ఆ పూట అందరూ భోజనానికి కూర్చున్నాక, రేపట్నుంచి మధ్యాహ్నాలు పక్కింటికి కాజాలు కుట్టడానికి వెళ్తున్నానని చెప్పింది. తమ్ముడు ఫోన్ పక్కన పెట్టాడు.

"ఎందుకక్కా? ఇక్కడ నీకేం తక్కువైంది?"

"ఏమీ తక్కువ కాలేదురా," అంది. "అక్కడ నాతో మాట్లాడతారు. వెళ్తాను."