ఎవరిస్తో మేస్త్రీ ఎడమ బూటు

ఏడేళ్ల పిల్ల బూటొకటి మోకాళ్ల మధ్య బోర్లించి బిగించుకుని, ఎవరిస్తో పొట్టి చీలల డబ్బా మూత తీశాడు. మధ్యాహ్నం రెండు దాటింది. పొద్దున్నుంచి ఇది నాలుగో పని.

శాన్ మిగెల్ పేటలో అతని కొట్టు రెండు మంచాలు పట్టేంత ఉంటుంది. తలుపు ఎప్పుడూ సగమే తెరిచి ఉంటుంది, ఆ సగంలోంచి వచ్చే వెలుతురే అతని దీపం. మనిషి సన్నం, పొట్టి. అరవై తొమ్మిదేళ్లకు తగ్గట్టు కాస్త వంగాడు. కుడి భుజం ఎడమదానికంటే బలిసింది. ఎడమ బొటనవేలి గోరు ఎన్నిసార్లు చితికి మొలిచిందో, ఇప్పుడది గోరులా కాక గవ్వలా ఉంటుంది. హెరెస్ ఊళ్లో అతని మొహం గుర్తుపట్టనివాళ్లే ఎక్కువ. అతని చప్పుడు విననివాళ్లు మాత్రం లేరు. కాళ్లతో నేలను దంచుతూ ఫ్లమెంకో నాట్యం ఆడేవాళ్లకు బూట్లు కుట్టేవాళ్లు వేరే ఉన్నారు. ఆ బూటు ముందు భాగం అడుగున, మడమ కింద, ఒకదాని తల ఒకదానికి ఆనేలా ఇనప చీలలు దిగ్గొట్టి దానికి నోరిచ్చేవాడు ఎవరిస్తో.

ఈ పనికి చేతికంటే నాలిక ముఖ్యం. గుప్పెడు చీలలు నోట్లో పోసుకుంటే, నాలిక ఒక్కొక్కదాన్నీ తిప్పి, తల ముందుకొచ్చేలా పెదవుల మధ్యకు అందించాలి. చెయ్యి అందుకోవాలి, సుత్తి పడాలి. పొడుగు చీలల్లో పొట్టిది ఒకటి కలిసినా నాలిక పట్టేసి ఉమ్మేసేది. యాభై రెండేళ్లు అలా నడిచింది. మొన్న ఫిబ్రవరిలో కట్టుడు పళ్లు పెట్టించుకున్నాక నాలికకు గుడ్డితనం వచ్చింది. చీలలు పళ్ల కిందికి దూరి చిగుళ్లను పొడిచేవి. ఇక గత్యంతరం లేక డబ్బాలోంచి రెండువేళ్లతో తీసి కొడుతున్నాడు. ఈ సంగతి అతని పెళ్లాం కాతలీనాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

డబ్బాలో వేలు పెట్టిన ఎవరిస్తో అలాగే ఆగిపోయాడు. శనివారం అంచుదాకా నింపిన పొట్టి చీలలు రెండు వేళ్ల లోతు దిగిపోయాయి. ఈ వారం అతను ఇంతకుముందు పిల్లల బూటు ముట్టుకోలేదు. కొత్తగా చీలలు కొట్టింది నాట్యం ఆడే అంపారో జత ఒక్కదానికే, మిగతావన్నీ మడమల మరమ్మతులే. కుడిది మొన్న పొద్దున కొట్టాడు. ఎడమది భోజనం చేసి కునుకు తీసి లేచాక, మసక వెలుతురులో కొట్టాడు.

అంపారో బూటు మడమ చెక్కది, పొట్టి చీలైనా పట్టుకుంటుంది. ముందు అడుగు మాత్రం రెండు పొరల తోలు. పొట్టి చీల పై పొరతోనే ఆగిపోతుంది. కాసేపు నేలను దంచితే ఒక్కొక్కటీ ఊడి తల ఎత్తుతుంది. గిర్రున తిరిగే వేళ ఆ తల చెక్కల సందులో చిక్కుకుంటే, రెండేళ్ల కిందట మడత పడిన చీలమండ ఈసారి విరిగి తీరుతుంది. ఆమె తమ్ముడొచ్చి నిన్ననే ఆ జత పట్టుకుపోయాడు. ఇవాళ ఐదున్నరకు సెవిల్యాలో ఆట.

"ఏమయ్యా, దెయ్యాన్ని చూసినట్టు కూచున్నావు?" అంది కాతలీనా, నారింజపండు ఒలుచుకుంటూ.

"అంపారోకి ఫోను చెయ్యి."

చేసింది. మోగలేదు. ఆట ఉన్న రోజున అంపారో ఫోను కట్టేస్తుందని ఇద్దరికీ తెలుసు.

"వాళ్ల తమ్ముడికి చేసి చెబుదామా?"

"ఏమని? మేస్త్రీకి పొట్టీ పొడుగూ తెలియడం లేదనా? వాడికి చెప్పడం, చర్చి గంట కొట్టడం ఒకటే."

ఎవరిస్తో లేచి చేతులు కడుక్కున్నాడు. పెళ్లిళ్లకూ చావులకూ వేసుకునే నల్లకోటు వేసుకున్నాడు. కుడి జేబులో సుత్తి, పట్టుకారు, ఎడమ జేబులో పొడుగు చీలలు పోసుకున్నాడు. కాతలీనా నారింజ తొనలు సగం అతని చేతిలో పెట్టింది.

"ఆ పిల్ల ఆట చూడ్డానికి రమ్మని ముప్పై ఏళ్లుగా పోరుతున్నాను, కదిలావు కాదు. ఇవాళ పిలవకుండానే పోతున్నావు."

అతను నిజంగానే ఎప్పుడూ చూడలేదు. పెళ్లి బట్టలు కుట్టినవాడు పెళ్లికి పోతే కుట్లే కనబడతాయి గానీ పెళ్లికూతురు కనబడదని అతని వాదన. అదీగాక, బాగుచేయమని తిరిగొచ్చిన బూటు అరుగుదల చూసి ఆమె ఏ పాటకు ఎలా ఆడిందో చెప్పగలడు. చూసిందేమిటి, చూడనిదేమిటి?

రైలు గంటసేపు నడిచింది. కిటికీ అవతల ఆలివ్ తోటలు పోతూనే ఉన్నాయి. ఎవరిస్తో జేబులో చేయిపెట్టి చీలల పొడవు వేలితో కొలుస్తూ కూర్చున్నాడు. ఇవి ఇంత పొడుగ్గా ఉంటే ఎలా పొరబడ్డానని తనను తానే తిట్టుకున్నాడు. ఒక్క మాట మాత్రం తెగేసి అనుకున్నాడు. చెయ్యి చెడిందని ఇంకొకరు చెప్పేదాకా పట్టుకు వేలాడే రకం కాదు తను.

సెవిల్యాలో దిగి, వంతెన దాటి త్రియానా పేట చేరేసరికి ఐదు కొట్టింది. ఆట జరిగే చోటు ఒక పాత ఇంటి లోపలి వాకిలి. ముప్పై కుర్చీలు, జానెడు ఎత్తు చెక్క వేదిక, మైకు లేదు. టికెట్ల బల్ల దగ్గర లావుపాటి ఆవిడ విసురుకుంటూ కూర్చుంది.

"అంపారోని చూడాలమ్మా. మేస్త్రీ వచ్చాడని చెప్పు."

"ఏం మేస్త్రీవి నాయనా? గిటారు మేస్త్రీవా, పాట మేస్త్రీవా? ఈ వీధిలో రాయి విసిరితే మేస్త్రీకే తగులుతుంది."

"చీలల మేస్త్రీని."

ఆవిడ విసనకర్ర ఆపి మరీ నవ్వింది. "అయితే ఆట అయ్యాక రా. ఒకసారి తలుపేసుకున్నాక కన్నతల్లి పిలిచినా పలకదు ఆవిడ. మధ్యలో నేను తిట్లు తినాలి. కావాలంటే ముందు వరసలో ఒక కుర్చీ ఉంది, కొనుక్కో."

కొన్నాడు. ఆ టికెట్టు డబ్బుతో కాతలీనా నాలుగు రోజులు వండుతుంది.

పక్క కుర్చీల్లో ఎండకు కందిన పొడుగాటి విదేశీ దంపతులు. భార్య ఒళ్లో గడ్డి టోపీ. గిటారు మొదలవగానే ఆవిడ ఉత్సాహం పట్టలేక చప్పట్లు కొట్టింది. అది ఏ దేశపు తాళమో గానీ ఈ దేశానిది మాత్రం కాదు. వెనకనుంచి ఒక ముసలాయన "తల్లీ, చేతులకు కాస్త విశ్రాంతినివ్వు" అన్నాడు. ఆవిడ అర్థం చేసుకుని టోపీ గట్టిగా పట్టుకుంది.

పాటగాడు గొంతు సవరించుకుని ఒక్క మాట పాడాడు. ఆ మాట సగంలో ఉండగా అంపారో వేదిక ఎక్కింది. నలభై ఏళ్ల మనిషి, నల్ల పావడా, బిగించిన కొప్పు. ముప్పై కుర్చీలూ ఆమె చేతులవైపు చూశాయి. ఎవరిస్తో కళ్లు మూసుకున్నాడు.

కుడి బూటు పలికింది. నిండుగా, పొడిగా, నేల లోపలినుంచి వచ్చినట్టు. ఆ చప్పుడు తన సుత్తిదేనని అతనికి ఒళ్లంతా తెలిసింది. ఎడమది పలికింది. అదీ బాగానే ఉంది. ఇంకోసారి పలికింది. చివర్లో సన్నటి గలగల. ముప్పైమందిలో ఒక్కడికే వినిపించే గలగల.

లేవాలనిపించింది. లేవకూడదు. ఆట నడుస్తుండగా లేచినవాడిని త్రియానాలో మనిషిగా లెక్కపెట్టరు. అరిచి ఆపితే ఆమె పరువు పోతుంది, ఆపకపోతే కాలు పోతుంది. కుర్చీ అంచు రెండు చేతులా పట్టుకున్నాడు. అడుగులు జోరందుకున్నాయి. ఇక తిరుగుడు వస్తుంది. ఎడమ మునివేళ్ల మీదే తిరుగుతుందామె, బూటు అరుగుదల ముప్పై ఏళ్లుగా అదే చెబుతోంది.

తిరుగుడు వచ్చింది. కానీ కుడికాలి మీద వచ్చింది.

ఎవరిస్తో కళ్లు తెరిచాడు. అంపారో ఎడమ మునివేళ్లను నేలకు ఆనించీ ఆనించకుండా పెట్టి, ఎడమవైపు మాటలన్నీ మడమతో పలికిస్తోంది. మునివేళ్ల పనంతా కుడికాలికి అప్పగించింది. గిటారు వాయించేవాడు ఒకసారి తలెత్తి చూసి, ఏమీ ఎరగనట్టు వేళ్లు తగ్గించి దారిచ్చాడు. రెండు కాళ్ల పని ఒక కాలిమీద, ఒక్క దెబ్బ తప్పకుండా నడిచింది. ఒకచోట చప్పుడు దాదాపు లేకుండా పోయి, ఆమె ఊపిరి వినబడింది. వెనక ముసలాయన "ఓలే!" అని మెచ్చుకున్నాడు, అరవకుండా, తనలో తను అనుకున్నట్టు. సరిగ్గా అప్పుడే ఒక చీల ఊడి, చెక్కల మీద దొర్లి, గడ్డి టోపీ ఆవిడ కాళ్ల దగ్గర ఆగింది.

ఆట అయ్యాక ఆవిడ దాన్ని ముత్యంలా ఏరుకుంది. బడిలో నేర్చుకున్న భాషలో ఎవరిస్తోను అడిగింది: "అయ్యా, దీనిని నేను దాచుకొనవచ్చునా? ఇది ఆమె బూటు నుండి వచ్చినది."

ఎవరిస్తో దాన్ని ఆవిడ అరచేతిలోంచి తీసుకున్నాడు. తన జేబులోంచి పొడుగు చీల ఒకటి తీసి కోటుకు తుడిచి, అక్కడ పెట్టాడు.

"అది వద్దమ్మా. అంపారో చీలంటే ఇది. మీ ఊరు వెళ్లాక ఎవరైనా అడిగితే, దీన్ని చూపించండి."

తెర వెనక గదిలో అంపారో కాళ్లు బకెట్టు నీళ్లలో పెట్టుకుని ఉంది. అతన్ని చూసి లేవబోయింది.

"మేస్త్రీ! మీరా? ఈ కోటేమిటి, ఎవరు పోయారు?"

"ఇంకా ఎవరూ పోలేదు. ఎడమది ఇలా ఇయ్యి."

ఆమె బకెట్టు పక్కనుంచి తీసి ఇచ్చింది. ముందు భాగంలో ఐదు చీలలు లేవు, నాలుగు తలలెత్తి ఉన్నాయి.

"నీకెప్పుడు తెలిసింది?"

"వేసుకుని రెండో అడుగు వెయ్యగానే."

"తెలిసీ ఎక్కావా? పాత జత లేదూ?"

"ఉంది. పాత జత వేసుకుని ఎక్కితే ఈ గిటారువాడు ఊరుకుంటాడా? మేస్త్రీ పంపిన కొత్తవి ఏమయ్యాయంటాడు. తెల్లారేసరికి హెరెస్ అంతా ఎవరిస్తో చెయ్యి పడిపోయిందంటారు."

"అంటే అన్నారు. కాలు విరిగితే?"

"విరగలేదుగా. తొమ్మిదేళ్లప్పట్నుంచీ మీ చీలల మీద నించున్నాను మేస్త్రీ. ఒక్కపూట ఒంటికాలి మీద నించోలేనా?"

ఎవరిస్తోకు కోపం వచ్చింది, సిగ్గేసింది. ఆ రెంటినీ పక్కకు తోసి గర్వం వచ్చింది. ఆ గర్వం తన సుత్తిని చూసుకుని వచ్చింది కాదు. చిన్నప్పుడు బూటు పెద్దదైందని కొట్టు గుమ్మంలో ఏడ్చిన పిల్ల, ఇవాళ చెడిపోయిన పనిముట్టుతో ఎవరూ చెయ్యలేని పని చేసింది. బూటు అడుగు మీద వేలు నడిపి, ఏ చీల ఎక్కడ పడాలో చూసుకున్నాడు.

"ఏడున్నరకు రెండో ఆట ఉందా?"

"ఉంది."

"అయితే అటు తిరుగు."

ఆమె తిరిగింది. ఎవరిస్తో కట్టుడు పళ్లు తీసి రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. బోసినోట్లో పొడుగు చీలలు పోసుకున్నాడు. నాలిక ఒక్కసారి తడబడి, తర్వాత తన దారి తను చూసుకుంది. పట్టుకారుతో పొట్టివన్నీ లాగేశాడు. పాత బొక్కల పక్కన కొత్త చోటు చూసి, ఒక్కొక్క చీలకూ రెండే దెబ్బలు. మూడో దెబ్బ ఎక్కడా పడలేదు. అంపారో గోడవైపు తిరిగి, ఆ దెబ్బలకు మునివేళ్లతో నీళ్లలోనే తాళం వేసింది.

పళ్లు పెట్టుకుని బూటు అందించాడు. ఆమె తొడుక్కుని గచ్చుమీద ఒక్కసారి కొట్టింది. నిండుగా, పొడిగా పలికింది.

"ఇది నా ఆఖరి బూటు" అన్నాడతను.

"అదేంటి మేస్త్రీ? ఇంత బాగా కొట్టి..."

"అందుకే. రోజూ పళ్లు తీసి కూచోలేను కదా. మీరంతా కాళ్ల మీద నా పేరు మొయ్యాల్సిన పనీ లేదు. ఇకమీదట లాజారో దగ్గరికి పో. నా దగ్గర నేర్చుకున్నవాడే. వాడి చెయ్యి మంచిది, నాలిక ఇంకా మంచిది."

"అతను మీలా కొట్టడు."

"నాలా ఎందుకు కొట్టాలి? వాడిలా కొడతాడు. నెల రోజులు తిట్టుకుంటావు, తర్వాత నీకూ అలవాటైపోతుంది."

అంపారో అతని రెండు చెంపలూ ముద్దు పెట్టుకుంది. పౌడరు అంటుకున్న మొహంతోనే అతను బయటికొచ్చాడు. టికెట్ల ఆవిడ ఆపింది.

"ఎలా ఉంది చీలల మేస్త్రీ, గిట్టుబాటైందా?"

"నా కాళ్లే ఆడినంత బాగుంది" అన్నాడు ఎవరిస్తో. కోటు గుండీలు పెట్టుకుని, వంగిన నడుం వంగినంత మేర నిటారు చేసుకుని, వంతెన వైపు నడిచాడు. కాతలీనాకు ఆట ఎలా చెప్పాలో ఇప్పట్నుంచే మాటలు కూర్చుకుంటున్నాడు. కోటు కుడివైపు తేలిగ్గా ఊగుతోంది.

లోపల అంపారో కొప్పు సవరించుకోవడానికి అద్దం ముందుకు జరిగింది. పౌడరు డబ్బాకూ దువ్వెనకూ మధ్య చోటు చేసి పెట్టి ఉంది సుత్తి. దాని పిడి మీద, యాభై రెండేళ్ల బొటనవేలు తొలిచిన గుంటలో, చెమట ఇంకా ఆరలేదు.