నా చేతి కొలతకు కోసిన కంత

"నీ చెయ్యి ఇట్లియ్యి" అన్నాడు మా ఆయన.

పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆయన నా చెయ్యి అడగడం అదే మొదలు. అంట్లు తోముతున్నదాన్ని తోముతున్నట్టే వదిలేసి, నురగ చేతులతో పెరట్లోకి వెళ్ళాను. వెల్డింగ్ షాపు రామాంజులన్న పెద్ద ఇనుప రేకు నేల మీద పరిచి, చాక్‌పీసు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. మా ఆయన ఒక కట్టుతీగ ముక్క తీసి నా కుడి భుజం కిందుగా చుట్టి, మెలితిప్పి, ఆ చుట్టను జాగ్రత్తగా మోచేతి మీదుగా కిందికి లాగి రేకు మీద పెట్టాడు. రామాంజులన్న దాని చుట్టూ చాక్‌పీసుతో గీశాడు.

"ఇంత చాలన్నా. దీని చెయ్యి పడితే చాలు."

"ఇంకొంచెం పెద్దది కోద్దామప్పా. రేపెప్పుడన్నా నువ్వు చెయ్యి పెట్టాలన్నా పట్టాల గదా."

"నేనెందుకు పెడతా? బొక్క పెద్దదయ్యేకొద్దీ నీళ్ళు కారతాయి. దీని చెయ్యి సన్నంగా ఉండాది, మనకదే మేలు."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మాది పుట్టపర్తి. కింద మేం ముగ్గురం, అంటే నేను, ఆయన, మా అత్త తిమ్మక్క. మేడ మీద నాలుగు గదులు ఆశ్రమానికి వచ్చే భక్తులకు ఇస్తాం. మా ఆయన పెళ్ళికి ముందు సిమ్లాలో ఏదో హోటల్లో మూడేళ్ళు బాయిలర్ దగ్గర పనిచేశాడు. ఆ మూడేళ్ళ గురించి నేను వినని రోజు లేదు. పోయిన కార్తీకంలో ఉత్తరాది నుంచి వచ్చిన ఒక ముసలాయన మోకాళ్ళు పట్టుకుని, బండలు చల్లగా ఉన్నాయి, గది కాస్త వెచ్చగా ఉంటే బాగుండేది అన్నాడు. అంతే. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం తలుపు గొళ్ళెం ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనే ఊళ్ళో, వానకు మొహం వాచిపోయిన ఊళ్ళో, మా ఆయన ఇంటిని వేడి చేసే యంత్రం పెడతానని కూర్చున్నాడు. వీధంతా నవ్వింది. వీధి నవ్వినకొద్దీ ఆయన పట్టు పెరిగింది. పెరట్లో గుంట తీసి కట్టిన ఇటుకల పొయ్యి, దాని మీద మనిషెత్తు ఇనుప డ్రమ్ము. కింద రాతిబొగ్గు మండితే, కాగిన నీళ్ళు పైపుల్లో మేడెక్కి, ప్రతి గదిలో గోడకు బిగించిన రేడియేటర్లలో తిరిగి, చల్లబడి మళ్ళీ డ్రమ్ములోకి దిగుతాయి. స్నానాల గదులకు వేణ్ణీళ్ళు కూడా ఆ డ్రమ్ములోంచే.

పని మొదలయినప్పుడే నేను చెప్పాను. "ఇదో, మన బోరు నీళ్ళు సున్నం కడతాయి. నీళ్ళు కాచే గిన్నె అడుగు చూడు, అట్టలు అట్టలుగా ఉండాది. ఆ డ్రమ్ములోనూ కడ్తాది."

చెంప మీద ఒక్కటి ఇచ్చాడు. పనివాళ్ళ ముందే. "సిమ్లాలో మూడేళ్ళు చేసినా. గిన్నెలు తోమేదానివి నువ్వు నాకు చెప్తావా?"

సిమ్లా నీళ్ళు మంచు కరిగి వచ్చినవి. మావి ఆరువందల అడుగుల కింద రాళ్ళ సందుల్లోంచి పీక్కొచ్చినవి. అంత చదువు నాకు లేకపోయినా గిన్నె అడుగు చూస్తే తెలిసే సంగతి అది. కానీ ఆయన గిన్నె అడుగు ఎప్పుడు చూశాడని? రెండు రోజుల తరువాత అదే మాట తన తెలివే అన్నట్టు రామాంజులన్నతో చెప్పాడు. "మన నీళ్ళు సున్నం కడతాయన్నా, గీకేదానికి పక్కన ఒక బొక్క పెట్టల్ల." చెంపదెబ్బ నాకు మిగిలింది, తెలివి ఆయనకు పోయింది. ఆ కంత మాత్రం ఇద్దరికీ కలిపి నా చేతి కొలతకు కోశారు.

మొదటి మంట నేనే వెయ్యాలన్నారు, ఇంటి ఇల్లాలు వేస్తే మంచిదట. డ్రమ్ముకు పసుపు రాసి కుంకుమ పెట్టి నేనే వేశాను. ఆ రోజు నుంచి మంట నాదయిపోయింది. తెల్లవారకముందే లేచి బూడిద తీయడం, బొగ్గు పగలగొట్టడం, మంట తగ్గకుండా చూడటం. గదుల్లో దుప్పట్లు, మెట్ల మీద కసువు, అందరి కాఫీలు పాతవే ఉండగా ఇది పైన. ఇక ఆయన ఆ యంత్రాన్ని బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. పైపుల వేడి పోకుండా గోనెపట్టా చుట్టాలన్నాడు, దబ్బనంతో కుట్టింది నేను. మంట రేగడానికి చిన్న ఫ్యాను పెట్టాడు, బూడిద లేచి నా తల మీద పడింది. పొగగొట్టం ఎత్తు పెంచాడు, మసి దండెం మీద బట్టల మీద వాలింది, రెండుసార్లు ఉతికాను. ఆయన బాగుచేసిన ప్రతిసారీ నాకొక కొత్త పని పుట్టింది. గదులవాళ్ళు మాత్రం రేడియేటర్ మీద అరచేతులు పెట్టి, "మీ ఆయన పెద్ద ఇంజనీరమ్మా" అనేవాళ్ళు. ఆయన వినయంగా తల వంచుకునేవాడు.

మంట తగ్గితే బొగ్గు కదిపే కడ్డీతో వీపు మీద కొట్టేవాడు. తిట్టడం, కొట్టడం ఆయనకు అలవాటే, కడ్డీ మాత్రం కొత్త. సుత్తితో బొగ్గు పెళ్ళలు పగలగొడుతూ ఎన్నిసార్లు అది ఆయన తల అనుకున్నానో లెక్కలేదు. అలా అనుకున్నానని సిగ్గు లేదు. ఆ పెళ్ళలు చక్కగా పగిలేవి.

పదిహేను రోజులకొకసారి సున్నం గీకాలి. ముందురోజు మంట ఆర్పేసి, నీళ్ళు వదిలేసి, పొద్దున కంత మూతకున్న ఆరు బోల్టులు విప్పి, నేల మీద పక్కకు పడుకుని కంతలోంచి భుజం దాకా చెయ్యి పోనిచ్చి, చీకట్లో వేళ్ళతో తడుముకుంటూ ఉలితో గీకాలి. అంచు ఎంత అరగదీసినా భుజం కింద కోసుకునేది. గాజులు తీసి పెట్టుకుందామంటే మా అత్త ఒప్పుకునేది కాదు.

"మొగుడు బతికుండంగా బోసిచెయ్యా? వాని మీద యేం పెట్టుకున్యావే?"

"పని అయినాక మళ్ళీ యేసుకుంటా గదత్తా."

"ఒక్క గడియ కూడా తీయకూడదు. రెండన్నా ఉండల్ల."

రెండు గాజులుంచేదాన్ని. లోపల అవి పగిలేవి, ముక్కలు సున్నంలో కలిసేవి, మళ్ళీసారి గీకేటప్పుడు వేళ్ళకు గుచ్చుకునేవి. అత్త కొత్తవి తొడిగేది. ఆవిడ చేతులకు కూడా ఏవో పాత మచ్చలున్నాయి. ఎలా వచ్చాయని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

మాఘమాసంలో ఒకరోజు పొద్దున్నే డ్రమ్ము దబదబ కొట్టుకోవడం మొదలుపెట్టింది. అడుగున సున్నం మందంగా పేరుకుంటే అలాగే చప్పుడొస్తుంది. ఎంత బొగ్గు వేసినా పైన నీళ్ళు గోరువెచ్చన దాటలేదు. మధ్యాహ్నానికి పన్నెండు మంది భక్తులు దిగుతున్నారు. మా ఆయన మంట లాగేసి, నీళ్ళు వదిలేసి, అరగంట కూడా కాకముందే బోల్టులు విప్పాడు. కంతలోంచి ఆవిరి వస్తోంది.

"రా, పెట్టు చెయ్యి."

"ఇనుము కాలతాండాది. చల్లారనీ."

"వాళ్ళొచ్చి చన్నీళ్ళు పోసుకోవాల్నా? నా పరువేం గావాల?"

"అంత తొందరయితే నువ్వే పెట్టు."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. వచ్చినందుకు ఇప్పుడు సంతోషంగా ఉంది. ఆయన జుట్టు పట్టుకుని నన్ను నేల మీదికి ఈడ్చాడు. మోకాలు నడుము మీద వేసి, ఉలి నా గుప్పిట్లో ఇరికించి, మణికట్టు పట్టుకుని నా చేతిని కంతలోకి తోశాడు. మోచెయ్యి అంచుకు తగిలి కాలింది. నేను అరిచాను. వెనక్కి లాక్కోబోతే కాలు నా భుజం మీద పెట్టి తొక్కాడు. "అరవాకు. పైన గదిలో మనుషులుండారు. ఆ మూల గీకు, రెండు నిమిషాలు."

మా అత్త వంటింటి గడప మీద నిలబడి ఉంది. "నాయనా, గాజులు పగిలిపోతాయి, చూసి" అంది.

గాజులే. ఆవిడకు కనిపించినవి గాజులే. అవి పగిలిపోయాయి కూడా. లోపల చర్మం, ఇనుము, గాజుముక్కలు, సున్నం అన్నీ ఒకటయ్యాయి. ఉలి ఎప్పుడో జారిపోయింది. ఆయన కాలు తీసి "లెయ్" అన్నాక లాక్కుంటే చెయ్యి రాలేదు. వాచిపోయింది. నా కొలతకు కోసిన కంత నా చేతికే పట్టలేదు. ఆయన లాగాడు, రాలేదు. అప్పుడు ఆయన మొహం తెల్లబోయింది. అది నా కోసం కాదని నాకు తెలుసు. అత్త సబ్బునీళ్ళు తెచ్చి పోసింది. ఇద్దరూ కలిసి లాగితే వచ్చింది, కొంత చర్మం అంచు దగ్గరే ఉండిపోయింది. నేను మూర్ఛపోలేదు. మూర్ఛ వస్తే బాగుండునని మాత్రం గట్టిగా కోరుకున్నాను.

ఆటోలో అత్త నా చెవిలో చెప్పింది, పూరీలు కాలుస్తుంటే నూనె బాండ్లి తిరగబడిందని చెప్పాలట. ఆసుపత్రిలో చీటీ రాసేచోట భర్త పేరు అడిగారు. నేను మామూలుగానే నోరు మూసుకున్నాను. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని పెళ్ళయిన మొదటిరోజే అత్త చెప్పింది. రేషన్ దగ్గర, బ్యాంకులో, ఎక్కడయినా కార్డు చూపిస్తాను కానీ పేరు పలకను. ఆ రోజూ అత్తే వంగి చెప్పింది.

నర్సు జయంతి చేతిలోంచి ముక్కలు ఒక్కొక్కటే పట్టకారుతో తీసి పళ్ళెంలో వేసింది. "నూనెలో గాజులు యాడివమ్మా?" అంది. భుజం కింద గుండ్రంగా తిరిగిన కాలిన గీతను చూసింది. "నూనె ఇట్ల చుట్టుకోని కాలుస్తాదా?"

అత్త నా వైపు చూసింది. "నూనేనమ్మా" అన్నాను. ఆ అబద్ధం చెప్పింది నేనే. ఎవరూ నా గొంతు పట్టుకుని చెప్పించలేదు.

జయంతి పళ్ళెం పక్కన పెట్టింది. కట్టు కట్టి, అత్త మందుల కోసం బయటికి వెళ్ళాక మెల్లగా అంది. "డ్రెస్సింగుకు ఒక్కదానివే రా. చెప్పాలనిపించినప్పుడు చెప్పు. నేను ఈడనే ఉంటా."

మూడు వారాల్లో నాలుగుసార్లు డ్రెస్సింగుకు పోయాను. నాలుగుసార్లూ అత్త వెంట వచ్చింది. ఇంట్లో ఎడమ చేత్తోనే బూడిద తీశాను, ఎడమ చేత్తోనే వండాను. డ్రమ్ములో సున్నం గీకేవాళ్ళు లేరు. ఆయన ఒకసారి తన చెయ్యి పెట్టి చూశాడు, మోచెయ్యి దగ్గరే ఆగిపోయింది. డ్రమ్ము పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దబదబ కొట్టుకుంటూనే ఉంది. పై గదుల్లో రేడియేటర్లు చల్లబడ్డాయి. భక్తులు మొహమాటపడుతూ వేరే లాడ్జి చూసుకున్నారు. నాకు ఆ దబదబ ఎంత హాయిగా ఉండేదో. నా బదులు అది అరుస్తున్నట్టుండేది.

నిన్న పొద్దున రామాంజులన్న వచ్చాడు. నేను అంట్ల దగ్గర ఉన్నాను.

"ఈ బొక్కనే పెద్దది చేద్దామప్పా. నీ చెయ్యి పట్టేట్టు" అంటున్నాడు.

"వద్దన్నా. దాని ఎడమ చెయ్యి బాగుండాది గదా. ఈ పక్క గోడ అడ్డం, ఆ చెయ్యి తిరగదు. ఆ పక్క ఇంకోటి కొయ్యి" అన్నాడు మా ఆయన. తరువాత నా వైపు తిరిగాడు. "ఏమే, నీ ఎడమ చెయ్యి ఇట్లియ్యి."

అవే మాటలు. ఆయన చేతిలో అదే కట్టుతీగ చుట్ట. మేకుకు తగిలించి దాచిపెట్టుకున్నాడు, నా చేతి కొలతను.

లేచి వెళ్ళాను. ఆయన చేతిలోంచి చుట్ట తీసుకున్నాను. "ఇయ్యను" అన్నాను.

"ఏమంటివి?"

"నా చెయ్యి ఇయ్యనంటాండా."

కడ్డీ వీపు మీద పడింది. రెండోది మెడ కింద పడింది. రామాంజులన్న "ఏమప్పా, యిడువప్పా" అంటూ లేచాడు కానీ దగ్గరికి రాలేదు. నేను కింద పడలేదు. మూడోది పడేలోపు పెరటి తలుపు తీసుకుని వీధిలోకి వచ్చేశాను. వెనక అత్త, "యాడికే, యాడికి పోతాండావ్?" అని కేక వేసింది.

"డ్రెస్సింగుకు. ఒక్కదాన్నే పోతా."

చెప్పులు లేవు. రోడ్డు అప్పుడే కాలడం మొదలయింది. వీధివాళ్ళు చూశారు. చూడనీ అనుకున్నాను. దారంతా ఏడ్చాను, కానీ నడక ఆపలేదు.

జయంతి కట్టు విప్పింది. వీపు మీద వాతలు చూసి పెదవి కొరుక్కుంది. నేను తీగ చుట్టను బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని తీసి, నా భుజం కింద మచ్చ పక్కన పట్టుకుని చూసింది. కొలత సరిగ్గా సరిపోయింది. జరిగినదంతా చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు.

"ఆ చీటీలో నూనె అని రాసినారు గదా. అది కొట్టేయండి."

"కొట్టేస్తే ఇది పోలీసుల దగ్గరికి పోతాదమ్మా. తెలుసు గదా?"

"తెలుసు."

"మళ్ళీ ఆ ఇంటికే పోతావా?"

"పోను. గార్లదిన్నెలో మా అక్క ఉండాది."

జయంతి పెన్ను తీసింది. "ఎవరు చేసినారు? పేరు చెప్పు."

గొంతు దాకా వచ్చింది. పదకొండేళ్ళుగా అక్కడే ఆగిపోయి ఉంది. ఆయుష్షు తగ్గుతుందన్న అత్త మాట కూడా గుర్తుకొచ్చింది.

"తిప్పేష్" అన్నాను.

బయట ఎవరి బిడ్డో ఏడుస్తోంది. జయంతి తల ఎత్తింది. "సరిగా వినపడలేదు. ఇంకోసారి చెప్పు పుష్పావతీ."

ఇంకోసారి చెప్పాను, ఈసారి గట్టిగా.