ఆఖరి ఎపిసోడ్‌లో ఇద్దరమ్మాయిలు

కాకినాడ కేబుల్ చానల్‌కి సీరియల్ రాస్తున్న హైమకు ఆఖరి ఎపిసోడ్ దగ్గర పేచీ వచ్చింది. ఒకరినొకరు ప్రేమించుకున్న ఇద్దరమ్మాయిల్లో ఒకరిని సముద్రంలో ముంచేయమన్నాడు నిర్మాత ఫణీంద్ర.

"లేకపోతే జనం ఊరుకోరండి."

"జనాన్ని అడిగారేంటి?" అంది హైమ. తను ఐదేళ్లుగా సుప్రజతో కాపురం చేస్తున్న సంగతి అతనికి తెలియదు. అమ్మాయిలిద్దరూ ఇల్లు అద్దెకు తీసుకున్నట్టు రాసిచ్చి, ఇంకోలా రాయనంది. షూటింగ్ మర్నాడే కావడంతో అతను ఒప్పుకోక తప్పలేదు.

ఎపిసోడ్ వచ్చిన మర్నాడు చేపలమ్మే అప్పాయమ్మ హైమ, సుప్రజల గుమ్మంలో గంప దించింది. "ఆ పిల్లలు ఇల్లు తీసుకున్నారు, నాకెంత హాయిగా ఉందోనండి. మరి వంటెవరు చేస్తారంటారు?"

"హైమకి రాదు, నేనే చేస్తాను," అనేసి నాలిక కరుచుకుంది సుప్రజ.

అప్పాయమ్మ ఇద్దరినీ చూసి నవ్వింది. "అయితే పులుసు ముక్కలు కోసిస్తానుండండి," అంటూ కత్తిపీట ముందుకు లాక్కుంది.