పిల్ల సీసా

ఆయా బకెట్లోకి ఫినాయిల్ సీసా వంచి, నీళ్లు పాలలా తెల్లబడేదాకా కర్రతో తిప్పింది. మెట్లు, వరండా, టీచర్ల గది అప్పటికే అయిపోయాయి. మిగిలింది హాలు. ఈవేళ అది అద్దంలా ఉండాలని పెద్ద మేడం నిన్నే చెప్పింది. పిల్లలు తోటి పిల్లల్ని ఏడిపించకూడదనీ, అందర్నీ సమానంగా చూడాలనీ నేర్పే కార్యక్రమం ఉందట.

ఆమె వేళ్ల సందుల్లో చర్మం ఎప్పుడూ నాని, పొరలు లేచి ఉంటుంది. ఆ వాసన పోదు. సబ్బుతో తోమింది, పౌడరు అద్దింది, కూతురి గోల పడలేక ఒకసారి కిరసనాయిలు కూడా రాసుకుంది. రెండూ కలిసి మూడో వాసన పుట్టిందే తప్ప మొదటిది వదల్లేదు. అందుకే కూతురి జడ ఆమె వేయదు. ఆ పిల్లే వంకరటింకరగా వేసుకుంటుంది.

ఆమె ముద్దుగా పిచ్చుకా అని పిలుచుకునే ఆ పిల్ల ఈ బళ్లోనే ఆరో తరగతి. ఇక్కడ పనిచేసేవాళ్ల పిల్లలకు ఫీజు లేదు. ఈ ఏడు చేరినప్పుడే తల్లీకూతుళ్ల మధ్య ఒప్పందం కుదిరింది. అమ్మ తెల్లారగానే వెనక గేటు నుంచి రావాలి, కూతురు గంట కొట్టే వేళకి ముందు గేటు నుంచి రావాలి. బడిలో పిచ్చుక కూడా అందరిలాగే ఆమెను 'ఆయా' అనాలి. మధ్యాహ్నం అన్నం తిన్నాక మాత్రం, వరండాలో అమ్మ కనబడితే జడ కొస ఒకసారి పట్టుకుని వదలాలి. తిన్నానమ్మా అని అర్థం. ఆ జడ కొస కోసం ఆయా రోజూ ఆ వేళకి వరండాని ఊడ్చిందే ఊడ్చేది.

పిల్లలు ఆమెకు ఫినాయిలమ్మ అని పేరు పెట్టారు. ఒకరోజు ఆమె పక్కనుంచి వెళుతుంటే అందరూ ముక్కులు మూసుకుని నవ్వారు. పిచ్చుక కూడా మూసుకుని నవ్వింది. ఆయాకి బాధ కలగలేదు. హమ్మయ్య, కలిసిపోయింది అనుకుంది. తను చదివింది ఏడు వరకే. తండ్రి మంచం పట్టగానే మాన్పించారు. ఈ పిల్లయినా ఒడ్డున పడాలి.

హాల్లో కార్యక్రమం జరిపించడానికి వచ్చిన కొత్త మేడం కుర్చీ ఎక్కి గోడకి బొమ్మల కాగితం అంటిస్తోంది. చిన్నపిల్లలాగే ఉంది.

"ఆ మూల కాస్త పట్టుకుంటారా, అక్కా?"

ఈ బళ్లో ఆమెను అక్కా అన్నవాళ్లు లేరు. చేతులు రెండుసార్లు తుడుచుకుని పట్టుకుంది.

"మీకు పిల్లలున్నారా?"

"ఒకతే మేడం. ఆరు చదువుద్ది. ఇక్కడే."

"ఇక్కడేనా! ఎంత బావుందో! ఎలా ఉంటుంది?"

"రెండు జడలు మేడం. బుగ్గమీద పుట్టుమచ్చ. లెక్కల్లో ఫస్టు."

అన్నాక నాలుక కరుచుకుంది. ఎవరికీ చెప్పకండి అనాలి. కానీ అలా అంటే, నా కూతురికి నేనంటే చిన్నతనం అని చెప్పినట్టవుతుంది కదా! అక్కా అని పిలిచిన మనిషికి ఆ మాట ఎలా చెప్పడం? ఆమె మాట వెతుక్కునేలోపే మైకు పలకట్లేదని ఎవరో కేకేశారు. మేడం కుర్చీ దిగి పరిగెత్తింది.

పిల్లలు వచ్చారు. చొక్కాలకి తలా ఒక నీలం బిళ్ల పెట్టారు. 'నేను ఎవరినీ ఏడిపించను' అని దాని మీద ఉంది. అందరూ చెయ్యి చాచి అదే మాట గొంతెత్తి అన్నారు. ఆయా తలుపు వెనక నిలబడి పిచ్చుక గొంతు కోసం వెతుక్కుంది.

"ఈ హాలు ఎలా మెరుస్తోందో చూశారా? ఎవరు మెరిపించారు?" అని అడిగింది మేడం.

"ఫినాయిలమ్మ!" వెనక వరస నుంచి వచ్చింది. హాలంతా నవ్వు.

"ఆవిడా ఒక అమ్మే. ఆ అమ్మ కన్న పాప మీలోనే కూర్చుని ఉంది."

ఆయా తలుపు దగ్గర్నుంచే చెయ్యి అడ్డంగా ఊపింది. మేడం చూసింది, నవ్వింది.

"సిగ్గెందుకక్కా, రండి! ఆ రెండు జడల అమ్మాయీ, నువ్వూ రా."

ఇద్దరూ స్టేజీ ఎక్కారు.

"అమ్మని గట్టిగా పట్టుకో, నాన్నా."

పిచ్చుక పట్టుకుంది. చప్పట్లు మోగుతుంటే కూతురి ఛాతీ తన ఛాతీకి ఆనింది. అది కదలడం లేదు. పిల్ల ఊపిరి బిగబట్టింది. ఆయా తన చేతుల్ని ఆ వీపు మీద ఆన్చకుండా గాల్లోనే ఉంచింది. మేడం నిజంగానే కళ్లు తుడుచుకుంది.

మధ్యాహ్నం ఆయా చీపురు పట్టుకుని వరండాలోకి వెళ్లింది.

"పెద్ద సీసా వస్తోందిరోయ్!"

"పిల్ల సీసా ఇక్కడుంది! మూత తియ్యకండి, చస్తాం!"

అన్నవాళ్ల గుండెల మీద నీలం బిళ్లలు మెరుస్తున్నాయి. పిచ్చుక ఒళ్లో అన్నం డబ్బా మూత తీయనేలేదు. తల్లి వైపు చూడలేదు. చెయ్యి జడ దాకా వెళ్లలేదు. ఆయా వరండా చివరిదాకా ఊడ్చి, మళ్లీ మొదటికి వచ్చి ఊడ్చింది. అయినా ఆ చెయ్యి జడ దాకా వెళ్లలేదు.

గేటు దగ్గర మేడం కారెక్కబోతూ ఆగింది. "అక్కా, మీ పాప కళ్లల్లో ఎంత గర్వమో చూశారా?"

ఆయా నోరు తెరిచింది.

"చూశాను మేడం" అంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె చెల్లెలు పిచ్చుకను వెంటబెట్టుకుని గుమ్మంలో సంచీతో నిలబడి ఉంది. ఊరికి ఆ చివర బట్టల కార్ఖానాలో గుండీలు కుడుతుంది.

"బడి నుంచి సరాసరి నా దగ్గరికొచ్చేసిందక్కా. నాతోపాటు గుండీలు కుడతానంటోంది. ఎంత చెప్పినా వినదే!"

"నాలుగు రోజులు పోతే వాళ్లే మర్చిపోతారే, పిచ్చుకా" అంది ఆయా.

"ఆ పేరు కూడా తెలిస్తే దాంతో కూడా పిలుస్తారు" అంది పిల్ల. అరవలేదు, ఏడవలేదు. తన రెండు గౌన్లు సంచీలో కుక్కింది. "నేనింక బడికి రాను."

"లెక్కల్లో ఫస్టు కదే…"

పిల్ల ఎడమ జడ సగం ఊడి వేలాడుతోంది. ఆయా చెయ్యి తనంతట తనే ముందుకు వెళ్లి, మధ్యలో ఆగి, వెనక్కి వచ్చింది.

గుమ్మం దాటుతూ పిచ్చుక వెనక్కి తిరిగింది.

"వెళ్లొస్తా, ఆయా."

అలవాటున అందో, అనాలనే అందో! చెల్లెలు మొహం తిప్పుకుంది. ఆయా తలూపింది. సందు మలుపు దాకా ఆ ఊడిన జడ కనబడింది.

లోపల పెట్టె మీద బడి చొక్కా చక్కగా మడతపెట్టి ఉంది. పైన నీలం బిళ్ల, రేపు పొద్దున మళ్లీ తొడుక్కునేవాళ్లకి గుచ్చుకోకుండా సూది మూసి, అక్షరాలు పైకి కనిపించేలా పెట్టి ఉంది.