నాణెం మీద రెండు వేళ్ళు

ఆ రోజు చేయాల్సిన పనులు ఆమె ముందురోజే ఒక చీటీ మీద రాసిపెట్టుకుంది. ఆరింటికల్లా ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసుకుని వార్డుకు వెళ్ళాలి. వదినకు మొహం కడిగించాలి. ఏడింటికి సంతకం పెట్టి సీట్లో కూర్చోవాలి. పిల్లల వార్డు లైన్లో గరగర వస్తోందని మెకానిక్కుకు చెప్పాలి. హెడ్‌ఫోన్ స్పాంజి ఊడొస్తోంది, నాలుగు కుట్లు వేసుకోవాలి. వదిన ఇంటికొచ్చేసరికి మంచం ముందుగదిలోకి మార్పించాలి. చిట్టచివర, మిగతావాటికంటే చిన్న అక్షరాలతో, 'అట్ట' అని ఒక్క మాట ఉంది. ఆ అట్టను ఏం చేయాలో మాత్రం రాసుకోలేదు.

ఏడుంబావుకి మొదటి మూడు పనులూ అయిపోయాయి. ఆమె సీట్లో కూర్చుని స్పాంజి కుట్టుకుంటోంది.

ఆసుపత్రి మెట్ల కింద, కప్పు ఒకవైపు వాలిన గది అది. నిలబడితే తల తగులుతుంది. అందుకేనేమో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె అందులో కూర్చునే ఉంది. ఎదురుగా బోర్డు, బోర్డు నిండా బెజ్జాలు, ఒక్కో బెజ్జం మీద కందిగింజంత దీపం. దీపం వెలిగితే తీగ గుచ్చాలి. "ఆసుపత్రి, చెప్పండి" అనాలి. "లైన్‌లో ఉండండి" అనాలి. ఇంకో తీగ ఇంకో బెజ్జంలో గుచ్చి, మాట కలవగానే చెవి తప్పించుకోవాలి. రోజుకు ఐదారు వందలసార్లు ఇవే మాటలు. పెద్ద పెద్ద డాక్టర్లకు ఆమె గొంతు తెలుసు. కాంటీన్‌లో ఎదురుపడితే ఎవరో పేషెంటు తాలూకు అనుకుని పక్కకు జరుగుతారు. ఆసుపత్రి మొత్తానికి ఆమె పేరు ఎక్స్‌ఛేంజీ.

"ఏమ్మా ఎక్స్‌ఛేంజీ, ఇవాళ మొహం ఎంగేజ్ టోన్‌లా ఉందేం?" అన్నాడు లిఫ్టు బాబాయి, గుమ్మంలో తల పెట్టి.

"మీ లిఫ్టులా మధ్యలో ఆగిపోలేదుగా, సంతోషించండి."

అతను నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. పై అంతస్తులో తొమ్మిదిన్నరకు తన వదినకు గుండె ఆపరేషనని అతనికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. తనతో డ్యూటీ మార్చుకునే ఇంకో ఆపరేటరు తన కూతురి పురిటికి సెలవు పెట్టింది. తనూ పెడతానంటే వదినే ఒప్పుకోలేదు.

"పైన ఉండి నువ్వు చేసేదేముందే? గోళ్ళు కొరుక్కుంటావు. నీ సీట్లో కూర్చో. కింద నీ గొంతు ఉందనుకుంటే నాకదే ధైర్యం" అంది.

పెద్ద మేడమని ఒకావిడ ఉండేది, ఆమెకు పని నేర్పిన మనిషి. ఆవిడ పెట్టిన నియమం ఒకటుంది. "ఐదుసార్లు మోగనియ్యి. ఎత్తకపోతే ఎత్తలేదని చెప్పు. ఏడ్చినా, తిట్టినా, నీ కాళ్ళు పట్టుకుంటానన్నా అదే చెప్పు. అంతేగానీ అవతలివాళ్ళ బదులు నువ్వు మాట్లాడకు."

ఆ నియమం ఆమె సీట్లో ఏనాడూ తప్పలేదు. తప్పింది ఇంట్లో.

అన్నయ్య పెళ్ళి నాటికి ఆమెకు తొమ్మిదేళ్ళు. తల్లి లేదు. కాపురానికొచ్చిన వదినకు పద్దెనిమిది. "ఆడపడుచు అర్ధమొగుడని భయపెట్టి పంపారు మావాళ్ళు. తీరా చూస్తే ముక్కు తుడవాల్సిన పిల్ల!" అని నవ్వేదట. వదినకు చదువు రాదు. అయినా పుస్తకం తెరిచి ఎదురుగా కూర్చునేది. "గట్టిగా చదవవే, నాకు వినపడాలి" అనేది. చదువుతున్నది ఒప్పో తప్పో తెలియకపోయినా, గొంతు తడబడితే పట్టేసేది. అలా చదివించి, పరీక్షలకు వెంట నడిచి, ఈ కుర్చీ దాకా తెచ్చింది. ఆమె పెళ్ళి మాట వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డుపడి, చివరికి ఎవరూ ఎత్తని మాట అయిపోయింది. ఆమెకూ పెద్ద లోటనిపించలేదు. ఆ ఇంట్లో లేకలేక పుట్టిన పిల్లాడొకడు ఉండేవాడు. వాడు అన్నం తినేది తల్లి చేత్తో, నిద్రపోయేది అత్త భుజం మీద.

అన్నయ్య పోయిన నాలుగేళ్ళకు, అంటే రెండేళ్ళ కిందట, ఆ పిల్లాడూ పోయాడు. పంతొమ్మిదేళ్ళవాడు. ఒళ్ళు కాలే జ్వరంతో ఇదే ఆసుపత్రికొచ్చి నాలుగో రోజున. ఆ తర్వాత మొన్నటిదాకా వదిన ఈ వీధిలో అడుగుపెట్టలేదు.

పోయినవాళ్ళను పిలిచి మాట్లాడించే ఆ అట్ట తెచ్చింది మేడమీది టీచరమ్మ. చొక్కా పెట్టె మూత. చదువు రాని మనిషి కోసమని అక్షరమాల పెట్టలేదు, చోటును బట్టి గుర్తుండేలా మూడే మాటలు రాసింది. కుడిపక్క 'అవును', ఎడమపక్క 'కాదు', కింద 'వెళ్ళిరా'. మధ్యలో ఒక పాత నాణెం. ముగ్గురూ తలో వేలు ఆనించాలి, నొక్కకూడదు. నవ్వకూడదు. లేచేముందు నాణేన్ని 'వెళ్ళిరా' మీదికి జరిపి సాగనంపాలి. "సాగనంపలేదో, వచ్చినవాళ్ళు ఇంట్లోనే ఉండిపోతారు" అని టీచరమ్మ గొంతు తగ్గించి చెప్పింది.

"నాన్నా, బాగున్నావా?" అని వదిన కొడుకుని అడిగింది.

నాణెం కదల్లేదు. మళ్ళీ అడిగింది. ఆమె అలవాటు కొద్దీ లెక్కపెట్టింది. మూడు, నాలుగు, ఐదు. ఎవరూ ఎత్తడం లేదు వదినా, అనాలి. ఎదురుగా వదిన మొహం చూసింది. ఆమె వేలు కుడిపక్కకు జరిగింది.

ఆ రాత్రి వదిన నెల తర్వాత మొదటిసారి కంచం ముందు కూర్చుని రెండోసారి వడ్డించుకుంది.

మూడో వారం ఆట ముగియగానే వదిన సాగనంపకుండా వేలు తీసేసింది. కావాలనే. టీచరమ్మ బిత్తరపోయింది.

"అయ్యో, అదేంటండీ! ఉండిపోతాడు!"

"ఉండిపోనీ. వాడి ఇల్లేగా."

టీచరమ్మ ఆ దెబ్బతో మేడ దిగడం మానేసింది. తర్వాత చాలాకాలం మెట్ల మీద ఎదురైతే తన బిడ్డను చంకలోకి లాక్కునేది. అప్పట్నుంచి నాణెం మీద రెండే వేళ్ళు. వదిన వంటింట్లోకి వెళ్ళాక ఆమె ఒక్కతీ కూర్చుని, నాణేన్ని 'వెళ్ళిరా' మీదికి జరిపి అట్ట మడిచేది. లైను తెరిచిపెట్టి లేవడం ఆమెకు చేతకాదు.

కొన్నాళ్ళు తానే తోస్తున్నానని ఆమెకు తెలుసు. పోనుపోను తెలియడం మానేసింది. అనుకోకముందే నాణెం పోతోంది. భయమేసింది. ఒకరోజు మనసు డాక్టరు లైన్లోకి వస్తే, మా పక్కింటావిడ అడిగిందని చెప్పి అడిగింది. ఆయన ఓపిగ్గానే చెప్పాడు. "దయ్యం లేదు, దొంగాటా లేదమ్మా. మనసు ఎటు కోరితే కండరం అటు పోతుంది. తోసినవాళ్ళకే తెలీదు. ఇద్దరి వేళ్ళుంటే ఎవరు తోశారో దేవుడికి కూడా తెలీదు."

పోయిన ఆదివారం మధ్యాహ్నం వదిన ఆ ప్రశ్న అడిగింది. డాక్టర్లు కవాటం పాడైందన్నారు, కోయకపోతే ఏడాది అన్నారు. వదిన మొండికేసింది. "వాణ్ణి మింగిన గుమ్మం నేను తొక్కను. వాడు తొక్కమంటే తొక్కుతాను."

ఈసారి తోయకూడదని ఆమె ఒట్టు పెట్టుకుంది. వేలు ఆనీ ఆననట్టు పెట్టింది. "నాన్నా, నన్ను వెళ్ళమంటావా?" నాణెం చాలాసేపు కదల్లేదు. తర్వాత నెమ్మదిగా, గచ్చు మీద నీటి బొట్టు జారినట్టు, కుడివైపు జారింది.

వదిన బతకాలని తన మనసు కోరింది. ఆ మాట ఒక్కటే ఆమెకు తెలుసు.

తొమ్మిదిన్నర అయింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. రక్తం బ్యాంకు. ఎక్స్‌రే. ఎవరో పెద్దమనిషి, "మా మావగారు వార్డులో ఉన్నారా, ఇంటికి పంపేశారా, ఆ ఒక్క ముక్కా చెప్పి పుణ్యం కట్టుకోండి. ఇంట్లో ఎవర్నడిగినా ఏడుపే!" అన్నాడు. "లైన్‌లో ఉండండి." పదకొండు. పన్నెండున్నర. థియేటరు దీపం వైపు చూడకూడదనుకుంటూ దాన్నే చూసింది. అడగొచ్చు. తీగ గుచ్చితే చాలు. రెండుసార్లు తీగ చేతిలోకి తీసుకుని పెట్టేసింది.

ఒంటిగంటా నలభైకి ఆ దీపం తనంతట తానే వెలిగింది.

"ఎక్స్‌ఛేంజీ, బయటి నంబరొకటి కలుపమ్మా. పేషెంటు బంధువులకి." మధ్యాహ్నం డ్యూటీకి వచ్చిన నర్సు గొంతు. నర్సు అంకెలు చదువుతోంది. మూడో అంకెకే అది తమ ఇంటి నంబరని ఆమెకు తెలిసిపోయింది. చేరేటప్పుడు వదిన తనకు కంఠతా వచ్చిన ఒకే ఒక్క నంబరు చెప్పి రాయించిందన్నమాట. అయినా చివరి అంకె దాకా చీటీ మీద రాసుకుంది.

"లైన్‌లో ఉండండి" అంది.

ఫోను మోగింది. ఎక్కడ మోగుతోందో ఆమెకు కనిపిస్తోంది. కిటికీ పక్క చెక్క అలమర మీద, వదిన కుట్టిన గుడ్డ కింద. ఆ మోత ముందుగదిలోంచి వంటింట్లోకి, పొద్దున్న బోర్లించిన గిన్నెల దాకా పోయి, పిల్లాడి గది తలుపుకు తగిలి వెనక్కొస్తోంది. ఒకటి. రెండు. ఐదు. ఆమె తీగ తీయలేదు. తొమ్మిది. పది.

"ఎవరూ ఎత్తడం లేదామ్మా?"

"లేదండి. ఇంట్లో ఎవరూ లేరు."

"అయ్యో. ఓ పది నిమిషాలాగి మళ్ళీ చూస్తావా? పెద్దావిడ పోయింది. గుండె మళ్ళీ కొట్టుకోలేదు. ఎవరో ఒకరికి చెప్పాలిగా."

"చెప్పేశారు కదండీ" అంది ఆమె.

"ఎవరికీ?"

"నాకేనండి. నేను ఆవిడ ఆడపడుచుని."

ఆమె ముందు ఇంటి తీగ పీకింది, తర్వాత థియేటరు తీగ. బదులు మనిషి వచ్చేదాకా ఇంకో నాలుగు కాల్సు కలిపింది. నాలుగింటిలోనూ ఆమె గొంతు తడబడలేదు. తడబడితే పట్టేసే మనిషి లేదు.

అంతలో వార్డు ఆయా కొంగుతో కళ్ళు వత్తుకుంటూ మెట్లు దిగి వచ్చింది. చేతిలో చేతిరుమాలు ముడి ఉంది.

"లోపలికి తీసుకెళ్ళేముందు తల్లోవి తీయించానమ్మా. నీకిమ్మంది. ఇంకో మాట కూడా చెప్పమంది. నాణెం తోసింది నేనేనని మా పిల్లకి చెప్పు, అది వట్టి పిచ్చిది, తన మీద వేసుకుంటుంది, అంది. ఏం నాణెమమ్మా, అంటే, దానికి తెలుసులే, అని నవ్వింది. ఏం నాణెం తల్లీ?"

"ఏదో పాతదిలే" అంది ఆమె.

నిజంగా వదినే తోసిందా? లేక రెండేళ్ళుగా తన అబద్ధాలు తెలిసి, పోతూ పోతూ ఒక అబద్ధం తిరిగి ఇచ్చిందా? అడగడానికి వదిన ఒక్కతే ఉండేది.

మీరెప్పుడైనా ఏ ఆసుపత్రికైనా ఫోను చేస్తే, అవతల ఒక గొంతు తడబడకుండా "లైన్‌లో ఉండండి" అంటే, ఆ గొంతుని అలా తీర్చిన ఒక చదువు రాని వదినను ఒక్కసారి తలుచుకోండి. ఆవిడ వదిలి వెళ్ళినవి మెట్ల కింద గదిలో బల్ల మీద ఉన్నాయి: విప్పిన చేతిరుమాలులో ఆరు తలపిన్నులు, వాటిలో ఒకదానికి చుట్టుకుని ఒక తెల్లటి వెంట్రుక.